కుందేలుకు బొచ్చు ఊడుతోంది: మెడ మీది మచ్చ వేరు, గంగడోలు మీది మచ్చ వేరు

ప్రశ్న: పోయిన చలికాలం సంతలో రెండు కుందేళ్లు కొన్నాం. రెండూ ఆడవే అని చెప్పి ఇచ్చారు. తెల్లదానికి ఇప్పుడు ఎనిమిది నెలలు ఉంటాయి, బరువు కిలోన్నర. నెల రోజుల నుంచి దాని మెడ వెనక, భుజాల నడుమ రూపాయి బిళ్లంత మేర బొచ్చు పోయింది, తెల్లగా పొట్టు రాలుతోంది. మెడికల్ షాపులో తామర క్రీము ఇచ్చారు. పది రోజులు పూస్తే ముందు తగ్గినట్టే ఉండి, తర్వాత ఇంకా పెద్దదైంది. ఇప్పుడు నాలుగు రోజులుగా గొంతు కింద, రొమ్ము మీద కూడా బొచ్చు కుచ్చులు కుచ్చులుగా పోతోంది. అక్కడ పొట్టు లేదు. గోధుమరంగు దానికి ఏమీ లేదు. మా పాపకు ముంజేతుల మీద ఎర్రటి దద్దులు లేచి దురద పెడుతున్నాయి. మేకలు సాదే మా బావగారు గజ్జి సూది తెచ్చి వేస్తానంటున్నారు. పక్కింటావిడ కానుగ నూనె రాయమంటోంది. తిండికి క్యారెట్, క్యాబేజీ, అన్నం, కాలువ గట్టు మీది సుబాబుల్ కొమ్మలు వేస్తున్నాం. బలం చాలక ఇలా అవుతోందా? ఏం చేయాలి?
- ఒక గృహిణి, హనుమకొండ

సమాధానం: ముందు ఆ క్రీము ఆపండి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్ వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. తామరకని అడిగితే కౌంటరు మీద చేతికొచ్చేవాటిలో ఇలాంటివి చాలానే ఉంటాయి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ రెండు మూడు రోజుల్లో అణిచేస్తుంది కానీ జబ్బు మూలాన్ని ముట్టుకోదు. పైగా చర్మానికి ఉన్న కాస్త ఓపికనూ తీసేస్తుంది. ముందు తగ్గి తర్వాత పెరిగిందని మీరు రాశారే, స్టెరాయిడ్ పూసినప్పుడు సరిగ్గా అలాగే జరుగుతుంది. కుందేలు ఒంటికి స్టెరాయిడ్లు అసలే పడవు. మెడ మీద పూసింది అది నాకలేకపోయినా పక్కనున్నది నాకుతుంది.

ఇక రెండు మచ్చల సంగతి. కుందేలుకు బొచ్చు పోతోందంటే ఏ మందు అని అడిగేముందు రెండు చూడాలి: ఎక్కడ పోయింది, పోయినచోట చర్మం ఎలా ఉంది. మెడ మీద పొట్టు ఉంది, రొమ్ము మీద లేదు. ఒకటి నెల నాటిది, ఇంకొకటి నాలుగు రోజులది. ఒకే కుందేలు మీద ఉన్నంత మాత్రాన ఇవి ఒకే జబ్బు కావు. రెండోదాన్ని ముందు చెబుతాం, ఎందుకంటే అది ఆగేది కాదు.

ఎనిమిది నెలల ఆడ కుందేలు గంగడోలు మీద, అంటే గొంతు కింద మడతపడే చర్మం మీద, రొమ్ము మీద, పొట్ట పక్కల బొచ్చు పీక్కుంటోందంటే అది గూడు కట్టుకుంటోంది. పీకినచోట చర్మం నున్నగా, గులాబీరంగులో, పొట్టూ పుండూ లేకుండా ఉంటుంది. గడ్డి నోట కరుచుకుని ఒక మూలకు మోస్తోందా? చెయ్యి పెడితే గుర్రుమని మీదికొస్తోందా? అలాగైతే కడుపు నిజమైనా కావాలి, ఉత్తదైనా కావాలి. ఆడ కుందేలు ఇంకో ఆడదాని మీద ఎక్కినా అండం విడుదలై ఉత్త కడుపు రావచ్చు. అది 16 నుంచి 18 రోజులు ఉండి దానంతటదే పోతుంది. నిజం కడుపైతే ఈతకు 30 నుంచి 32 రోజులు. ఈనడానికి కొద్ది రోజుల ముందు నుంచి కొన్ని గంటల ముందు దాకా ఎప్పుడైనా బొచ్చు పీకవచ్చు. మీ దగ్గర ఇప్పటికే నాలుగు రోజులైంది.

సంతలో "రెండూ ఆడవే" అన్న మాట మీద ఆధారపడకండి. పిల్లప్పుడు వీటి ఆడామగా తేల్చడం అలవాటున్నవాళ్లకే కష్టం. ఇప్పుడు గోధుమరంగు దాన్ని ఒడిలో వెల్లకిలా ఆనించి, వెనక భాగానికి కింద చేయి పెట్టి, మూత్రద్వారం పక్కన రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గుండ్రటి రంధ్రంతో చిన్న గొట్టంలా బయటికొస్తే మగది, నిలువు చీలికలా తెరుచుకుంటే ఆడది. ఈ వయసు మగదానికి రెండు పక్కలా బొచ్చు పలచగా ఉన్న వృషణాలు కూడా కనిపిస్తాయి. నడుము విదిలిస్తే మాత్రం వెంటనే కిందికి దించేయండి. కుందేలు వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరుగుతుంది. చెవులు పట్టి ఎత్తడం ఎప్పుడూ వద్దు.

మగదని తేలితే ఈ రోజే వేరే బోనులోకి మార్చండి. ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. ఆడదో మగదో తేలకపోయినా సరే, తెల్లదాని బోనులో ఒక పెట్టె పెట్టండి: సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు, లోపలికి దూకడానికి ఒక వైపు 15 సెంటీమీటర్లకు తగ్గించినది. అట్టపెట్టె అయినా చాలు. ఎండుగడ్డి నింపి, అది పీకిన బొచ్చును అందులోనే వేయండి. శుభ్రం చేస్తున్నామని ఆ బొచ్చు తీసేస్తే మళ్లీ పీక్కుంటుంది. పిల్లలు పుడితే తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. మిగతా రోజంతా దూరంగా కూర్చున్నా కంగారు పడొద్దు. ఈ రొమ్ము మచ్చకు పూయాల్సిన మందంటూ లేదు.

ఇప్పుడు మెడ మచ్చ. భుజాల నడుమ, వెన్ను పొడుగునా, తోక మొదట్లో తెల్లని పొట్టు రాలుతూ బొచ్చు పోవడం, ఇంట్లో వాళ్ల ముంజేతుల మీద దద్దులు లేవడం, ఈ రెండూ కలిస్తే మొదటి అనుమానం బొచ్చు మైటు అనే సన్నపురుగు మీదే. దీని పేరు షైలెటియెల్లా. అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పై పొరలో బతుకుతూ గుడ్లను వెంట్రుకలకు అంటిస్తుంది. మెడ వెనక భాగాన్ని కుందేలు తన నోటితో శుభ్రం చేసుకోలేదు కాబట్టి అక్కడే మకాం పెడుతుంది. దురద ఒక్కోదానికి విపరీతంగా ఉంటుంది, ఒక్కోదానికి అసలు కనిపించదు. గోధుమరంగు దానికి మచ్చ లేదంటే మైటు లేదని కాదు. ఏ లక్షణమూ లేకుండా మోసే కుందేళ్లు చాలా ఉంటాయి.

ఇంట్లోనే ఇలా పరీక్షించవచ్చు. నల్లని కాగితం పరిచి, కుందేలును దాని మీద నిలబెట్టి, పేల దువ్వెనతో మెడ నుంచి తోక దాకా బొచ్చుకు ఎదురుగా మెల్లగా దువ్వండి. రాలిన పొట్టును వెలుతురులో, భూతద్దం ఉంటే దానితో, రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పొట్టులో కొన్ని రేణువులు వాటంతటవే జరిగితే మైటే. కదలకపోతే లేదని కాదు. అప్పుడు పారదర్శకంగా ఉండే సెల్లో టేపు ముక్కను మచ్చ అంచున రెండు మూడు చోట్ల అద్ది, గాజు పలక మీద గానీ పల్చని ప్లాస్టిక్ మీద గానీ అంటించి దాచండి. డాక్టరు దగ్గర మైక్రోస్కోపు ఉంటే ఐదు నిమిషాల పని. అన్నట్టు, ఈ పరీక్షకు ముందు రెండు రోజులు ఏమీ పూయకండి. నూనె రాసిన చర్మం మీద టేపు అంటదు.

తామర కాదని కూడా తేల్చుకోవాలి. వానాకాలం చెమ్మలో, చిన్న వయసు కుందేళ్లలో అది ఎక్కువ. తామర మామూలుగా ముక్కు మీద, కళ్ల చుట్టూ, చెవుల మీద, కాళ్ల మీద మొదలవుతుంది. మచ్చ గుండ్రంగా ఉండి, అంచున వెంట్రుకలు మొదలంటా తెగినట్టుంటాయి, పైన పెచ్చు కడుతుంది. కుందేళ్లలో ఎక్కువగా కనిపించే తామర బూజు ట్రైకోఫైటాన్. తామర పరీక్షకు వాడే నీలికాంతి దీపం కింద ఇది మెరవదు. కాబట్టి దీపం వేసి చూసి "మెరవలేదు, తామర కాదు" అని ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు. మచ్చ అంచున వెంట్రుకలు పీకి కల్చర్‌కు, అంటే ల్యాబులో బూజును పెంచి చూసే పరీక్షకు పంపాలి, ఫలితానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. తామరే అయితే ఒక్క క్లోట్రిమజోల్ లేదా ఒక్క మికోనజోల్ మాత్రమే ఉన్న క్రీమును రోజుకు రెండుసార్లు, మచ్చ దాటి వేలెడు దూరం వరకు పూయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. మచ్చలు చాలా ఉంటే లోపలికి ఇట్రాకొనజోల్ డాక్టరు రాస్తారు. గ్రిసియోఫల్విన్ మాత్రం చూలు అనుమానం ఉన్నదానికి ఇవ్వకూడదు, పిల్లలు అవకరంతో పుడతాయి.

మేకలవాళ్లు, కుందేళ్ల ఫారాలవాళ్లు గజ్జి అనేది ఇంకొకటి. అది ముక్కు కొస మీద, పెదవుల మీద, చెవి అంచున, గోళ్ల చుట్టూ బూడిదరంగు గట్టి పెచ్చులుగా మొదలవుతుంది. మీరు రాసినదాంట్లో ఆ జాడ లేదు, అయినా ఒకసారి చూడండి. చెవుల లోపల కూడా టార్చి వేయండి. గోధుమరంగు పొరలు పొరలుగా పెచ్చు కట్టి ఉంటే అది చెవి మైటు. దాన్ని గోకి తీయకండి, కింద చర్మం పచ్చిగా ఉంటుంది, ప్రాణం పోయినంత నొప్పి. మందు పడితే పెచ్చు దానంతటదే రాలుతుంది.

బావగారి సూది సంగతి. ఆ మందు బహుశా ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్. కుందేలు మైట్లకు పనికొచ్చేది అదే, మందు తప్పు కాదు. తప్పు మోతాదు దగ్గర జరుగుతుంది. కుందేలుకు కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. మీ కిలోన్నర దానికి 0.3 నుంచి 0.6 మిల్లీగ్రాములు. ఆ సీసాలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే పడాల్సింది 0.03 నుంచి 0.06 మిల్లీలీటర్లు, 40 గీతల ఇన్సులిన్ సిరంజి మీద ఒకటి నుంచి రెండున్నర గీతలు. మేకకు వేసే సిరంజితో అంత సన్నగా కొలవడం కుదరదు. పాతిక కిలోల మేకకు వేసినట్టు అర మిల్లీలీటరు వేస్తే, వేయాల్సినదానికి ఎనిమిది నుంచి పదహారు రెట్లు పడుతుంది. తూలుడు, వణుకు, తర్వాత స్పృహ తప్పడం. విరుగుడు లేదు. పైగా మీది చూలుదో కాదో ఇంకా తేలలేదు. కాబట్టి కుందేలును త్రాసు మీద తూచి, డాక్టరు చేతనే చర్మం కింద వేయించండి. ఒక్క సూదితో అయిపోదు, మందు గుడ్లను చంపదు. 10 నుంచి 14 రోజుల ఎడంతో మూడుసార్లు పడాలి. రెండో సూదికే బొచ్చు మొలుస్తుంది, మూడోది ఎగ్గొడతారు, నెలకు మళ్లీ మొదలవుతుంది. ఎక్కువమంది దగ్గర జబ్బు తిరగబెట్టేది ఇక్కడే. సూది బదులు మెడ మీద చుక్కగా వేసే సెలామెక్టిన్ దొరికితే అదీ మంచిదే, మోతాదు డాక్టరు చెప్పాలి. మందు రెండు కుందేళ్లకూ ఒకే రోజు పడాలి.

వాడకూడనివి ఇంతకన్నా ముఖ్యం. కుక్కల పేలకు, గోమార్లకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే గానీ చుక్కలు గానీ కుందేలుకు వేయకూడదు, చచ్చిపోయిన సందర్భాలున్నాయి. కుక్కల పర్మెత్రిన్ మందులు, మెడ పట్టీలు వద్దు. పశువులకు బకెట్లో కలిపి పోసే గోమారి మందులో ముంచడం, కిరోసిన్ రాయడం, ఫినాయిల్ నీళ్లతో తుడవడం వద్దు. పుండు పడిందని ఎవరైనా అమాక్సిసిలిన్ సిరప్ నోట్లో పోయమంటే వినకండి. ఆ జాతి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా వెళితే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలతో రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. కానుగ నూనె విషయానికొస్తే, పశువుల గజ్జికి మన ఊళ్లలో వాడుతూనే ఉన్నారు. కానీ ఆవు ఒళ్లంతా నాక్కోదు, కుందేలు నాక్కుంటుంది. బొచ్చు జిడ్డుకట్టి ఒంట్లో వేడి బయటికి పోదు, వరంగల్ ఎండల్లో అది ఇంకో ప్రమాదం. వేప నూనె కూడా అంతే. స్నానం చేయించొద్దు. తడిసిన కుందేలు బెదిరిపోతుంది, లోపలి బొచ్చు గంటల తరబడి ఆరదు.

మందు పడిన రోజే బోను కూడా మారాలి. కుందేలు ఒంటి మీద లేకపోయినా మైటు వారం పది రోజులు బతకగలదు. కింద వేసిన గడ్డి, గోనె పట్టా, అట్టముక్కలు తీసి కాల్చేయండి. బోనును మరిగే నీళ్లతో కడిగి, మధ్యాహ్నపు ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. జాలి మూలల్లో ఇరుక్కున్న బొచ్చును పాత పళ్లపొడి బ్రష్‌తో లాగండి, గుడ్లుండేది అందులోనే. ఆరు వారాల పాటు వారానికోసారి ఇదే పని. ఆ మధ్యలో పిల్లలు పుడితే గూడు పెట్టెను వదిలి మిగతాది శుభ్రం చేయండి. తామర అని తేలితే కుందేళ్లను బయటికి తీసి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. తామర బూజు నెలల తరబడి చావదు.

పాప చేతుల మీది దద్దులు మైటువే అయితే భయం లేదు. అది మనిషి ఒంటి మీద పిల్లల్ని పెట్టలేదు, కుందేళ్లు బాగయ్యాక రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. అప్పటిదాకా ఒళ్లో పడుకోబెట్టుకోనివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. దద్దు గుండ్రంగా పెరుగుతూ అంచు లేచి నడుమ మానుతుంటే మాత్రం అది తామర. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో గానీ వేరే చోట గానీ చర్మ డాక్టరుకు చూపించి, ఇంట్లో కుందేళ్లున్నాయని చెప్పండి. కుందేలుకు రాసిన ట్యూబు పాపకు రాయొద్దు.

బలం చాలక అన్నారు. బలం కాదు గానీ, మీరు పెట్టే తిండిలో ఒకటి నేరుగా బొచ్చుకు సంబంధించినదే: సుబాబుల్. దాని ఆకుల్లో, గింజల్లో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది, అది వెంట్రుక కుదుళ్లలో కణాల పెరుగుదలను ఆపేస్తుంది. మేక పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి, అందుకే మేకలు తిని నిక్షేపంగా ఉంటాయి. కుందేలుకు ఆ సదుపాయం లేదు. సుబాబుల్ వల్ల పోయే బొచ్చు ఒకచోట మచ్చలా కాక, పట్టుకుంటే చేతికొచ్చేలా ఒళ్లంతా పలచబడుతుంది. మీ దానికి ఇంకా అలా లేదు, అయినా కొమ్మలు ఈ రోజుతో ఆపండి. అన్నం, బిస్కెట్లు పూర్తిగా మానాలి. క్యారెట్ వేలెడు ముక్క చాలు.

దానికి అసలు తిండి గడ్డి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎప్పుడు చూసినా బోనులో గడ్డి మిగిలి ఉండాలి. గరిక కోసి నీడలో రెండు మూడు రోజులు ఆరబెడితే మంచి ఎండుగడ్డి అవుతుంది, బూజు వాసన వస్తే పారేయండి. దశరథ గడ్డి దొరికితే రోజుకు గుప్పెడు, అది పప్పుజాతి మేత, ఎక్కువ పనికిరాదు. వరిగడ్డి కింద పరచడానికి మంచిది, కడుపు నింపడానికి కాదు. గరిక ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. పత్తి చేల గట్ల మీద కోయొద్దు, పురుగు మందు, గడ్డి మందు రెండూ అక్కడికి కొట్టుకొస్తాయి. దాణా గుళికలు పెడితే కిలోన్నర దానికి రోజుకు 40 గ్రాములు దాటొద్దు. ఇదంతా ఒక్కరోజులో మార్చకుండా పది రోజుల్లో మెల్లగా మార్చండి. గడ్డి చాలని కుందేళ్లు తోచక తమ బొచ్చునో పక్కదాని మీసాలనో కొరుకుతాయి, అది ఇంకో రకం బోడి.

చికిత్సకు హనుమకొండ నుంచి మీకు దగ్గరలో మామునూరు పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాల వైపు చదువరులకు కోరుట్ల కళాశాల. పొద్దున చల్లగా ఉండగానే, గాలాడే గంపలో గడ్డి పరిచి, రెండింటినీ తీసుకెళ్లండి. ఒకటి మగదని తేలితే వేర్వేరు గంపల్లో. డాక్టరుకు చెప్పాల్సినవి: మెడ మచ్చ వయసు, రొమ్ము బొచ్చు పీకడం ఏ రోజు మొదలైంది, కడుపు అనుమానం, పాప దద్దులు. ఆ క్రీము ట్యూబును, సెల్లో టేపు ముక్కను వెంట పెట్టుకోండి. కడుపు చూడటానికి డాక్టరు పొట్ట తడుముతారు, మీరు ఇంట్లో నొక్కి చూడకండి.

వెళ్లేలోపు పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా, మూతి కింద చొంగతో తడిగా ఉన్నా, వెనక భాగం తడిసి ఈగలు ముసిరినా మైటు సంగతి పక్కన పెట్టి అదే రోజు చూపించండి. వానాకాలంలో ఈగ గుడ్లు పెట్టిన ఒక రోజులోనే పురుగులు పడతాయి.

మందు పడ్డాక పొట్టు రెండు వారాల్లో తగ్గుతుంది, బొచ్చు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అది సమంగా రాదు. కుందేలుకు బొచ్చు దీవులు దీవులుగా మొలుస్తుంది, మొలిచేచోట చర్మం కాస్త మందంగా, కొత్త వెంట్రుక నల్లదైతే నీలంగా కనిపిస్తుంది. దాన్ని చూసి కొత్త మచ్చ వచ్చిందని మళ్లీ క్రీము పూసేవాళ్లున్నారు. ఆ మందపు చోట వేలు పెట్టి ఎదురు నిమిరితే గరుకుగా మొలకలు తగులుతాయి. మొలకలు తగలకుండా పొట్టు మళ్లీ కనిపిస్తే, అప్పుడు టేపు పరీక్ష మళ్లీ చేయండి.